ఛైర్మన్ పేజీకి రిబ్బనమ్మ కాపలా

పళ్ళాసుపత్రి ప్రారంభోత్సవం నాడు మున్సిపల్ ఛైర్మన్ రిబ్బను కత్తిరించబోయి ఆమె జడ కత్తిరించాడు.

కావాలని చేశాడని ఎవరూ అనలేదు, ఆమె కూడా. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. కత్తెర పళ్ళెం పట్టుకుని ఆమె ఆ పక్కనే నిలబడింది. ఆ ఆసుపత్రి ఉద్యోగంలో మొదటి రోజు కదా అని జడ ముందుకు వేసుకుంది. దాని చివర కూడా ఎర్ర రిబ్బనే. ఛైర్మన్ మొహం కెమెరా వైపు ఉంది. పళ్ళు బయటపెట్టి నవ్వుతూనే చేత్తో తడుముకున్నాడు. ఎర్రగా, మెత్తగా ఏదో తగిలింది. కచక్కుమంది. జనం చప్పట్లు కొట్టారు. జడ వచ్చి పళ్ళెంలో పడింది.

ఛైర్మన్ పళ్ళెంలోకి చూశాడు, ఆమె తల వైపు చూశాడు. "జుట్టే కదమ్మా, మళ్ళీ మొలుస్తుంది. పదవి అయితే పోతే రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఛైర్మన్ నవ్వాడు కాబట్టి డాక్టరు కూడా నవ్వాడు. కార్యక్రమం అయ్యేదాకా నవ్వుమొహంతో ఉండమని పొద్దున్నే చెప్పారు కాబట్టి ఆమె కూడా నవ్వింది. ఆ తరువాత కత్తెరలో వెంట్రుకలు ఇరుక్కుని అసలు రిబ్బను తెగలేదు. డాక్టరే వెళ్ళి ముడి విప్పాడు. మర్నాడు పత్రికలో మాత్రం 'ఛైర్మన్ రిబ్బను కత్తిరించి ఆసుపత్రిని ప్రారంభించారు' అని పడింది.

ఆ రోజు నుంచి ఊరికి ఆమె రిబ్బనమ్మ. అసలు పేరు జీతం ఇచ్చే డాక్టరుకీ, ఇంట్లో భర్తకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. భర్త సిటీ బస్సు డ్రైవరు. జడ సంగతి విని అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "ఆ మనిషి కారు నా బస్సుకి ఎదురుపడనీ, బ్రేకు తొక్కితే ఒట్టు!" అన్నాడు. కారు ఎదురుపడింది. మిగతా బండ్లన్నిటికంటే ముందు ఆయన బస్సే ఆగింది. ఆ సంగతి కండక్టరు వచ్చి చెప్పేదాకా ఇంట్లో తెలియదు.

ఆసుపత్రి ముందు గదిలో, చేపల తొట్టి పక్కన ఆమె బల్ల. వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటరులో ఎక్కించడం, వంతు వస్తే పిలవడం ఆమె పని. లోపల పళ్ళు తొలిచే మర గుయ్యిమంటున్నంతసేపూ బయట బెంచీల మీద ఎవరూ నోరు విప్పరు. తమ వంతు తలుచుకుంటూ చేపల్ని చూస్తూ ఉంటారు. అలాంటి ఒక తీరిక వేళ ఆమె ఛైర్మన్ గురించి వెతికింది. ఎవరైనా చదవగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది కదా, అందులో ఆయనకో పేజీ కనిపించింది. 'ప్రజల గుండె చప్పుడు' అని మొదలైంది. పైన 'మార్చు' అని ఒక మీట ఉంది. చేతికి కత్తెర దొరికినట్టయింది ఆమెకి.

'ఈయన పళ్ళాసుపత్రి దగ్గర ఒక ఆడమనిషి జడ కత్తిరించాడు. క్షమాపణ కూడా చెప్పలేదు' అని రాసింది.

లోపలి మనిషి పుక్కిలించి ఉమ్మేలోపే ఆ వాక్యం మాయమైంది. తీసేసిన ఖాతా పేరు గుడ్లగూబ. ఆడో మగో, ముసలో పడుచో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. పేజీ వెనకాల చర్చ పేజీ అని ఒకటి ఉంటుంది. అక్కడ ఒకటే మాట రాసి పెట్టింది గుడ్లగూబ: 'ఆధారం చూపాలి.'

'నా తలే ఆధారం. వచ్చి చూసుకో' అని ఆమె రాసింది.

'మీ తల ఎక్కడా ప్రచురితం కాలేదు' అని జవాబు వచ్చింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గుడ్లగూబని దాని నియమాలతోనే కొట్టాలని ఆ సర్వస్వం నియమాలన్నీ చదవడం మొదలుపెట్టింది. దొంగని పట్టుకుందామని వెళ్ళి పోలీసు ఉద్యోగంలో చేరిపోయినట్టయింది ఆమె పని. పొగడకూడదు, తిట్టకూడదు. అచ్చయిన చోటు చూపించి మాట్లాడాలి. నీకు తెలిసింది నీ దగ్గరే ఉంచుకోవాలి. చివరి నియమం దగ్గర ఆమె ఆగింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అత్తగారు చెబుతున్న మాట అదే. కానీ అత్తగారు ఆ మాట ఆమె ఒక్కదానికే చెప్పింది. ఇక్కడ మాత్రం అదే మాట ఛైర్మన్‌కి కూడా చెబుతున్నారు! ఆయన గురించి ఆయనకి ఎంత తెలిసినా సరే, నోరు మూసుకోవాలట. అంత న్యాయం ఆమె ఏ ఆఫీసు మెట్ల మీదా చూడలేదు. ఆ న్యాయానికి అక్కడే పడిపోయింది.

ఆ మధ్యాహ్నమే 'ప్రజల గుండె చప్పుడు' తీసేసింది. సాయంత్రం ఆయన ప్రత్యర్థి మనుషులెవరో అదే చోట 'గజదొంగ' అని పెట్టారు. అదీ తీసేసింది. తీస్తున్నప్పుడు చెయ్యి కాస్త లాగింది, నిజమే. అయినా తీసింది.

అప్పటి నుంచి ఊరి నాయకుల పేజీలన్నిటికీ కాపలా ఆమెదే. 'ఊరికి నీళ్ళు తెచ్చిన అపర భగీరథుడు' అని ఎవరో రాస్తే 'రెండు వార్డుల్లో కుళాయిలు వేయించాడు' అని దిద్దేది. ఎవరో 'ఓటర్లని వెర్రివాళ్ళని చేశాడు' అని రాస్తే, ఎంత చేశాడో పత్రికలో వచ్చిందేమో వెతికి, రాకపోతే కొట్టేసేది. 'ఛైర్మన్ రిబ్బను కత్తిరించి పళ్ళాసుపత్రిని ప్రారంభించారు' అనే వాక్యానికి పత్రిక ఆధారం ఉంది కాబట్టి దాన్ని ఎవరు చెరిపినా మళ్ళీ తెచ్చి పెట్టేది. ఆ రిబ్బను తెగలేదని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. పళ్ళు కొరుక్కుంటూ పెట్టేది. పళ్ళు కొరికితే అరిగిపోతాయని గోడ మీద బొమ్మ వేసి మరీ ఉంది, అయినా కొరికేది.

ఈ అలవాటు ఇంట్లోకి కూడా పాకింది. అత్తగారు కూర వండి పెట్టి, "ఎలా ఉందే?" అని అడిగితే, "ఉప్పు ఎక్కువైందని కొందరి అభిప్రాయం" అంది ఒకరోజు.

"కొందరెవరే? ఇంట్లో ఉన్నది ముగ్గురం!"

"వాళ్ళ పేర్లు చెబితే గొడవ అత్తయ్యా."

"ఒరేయ్ అబ్బాయ్, నీ పెళ్ళాం నోట్లోంచి బాగుంది అనే మాట రావడం మానేసిందిరా. చచ్చేలోపు ఒక్కసారి వింటానో లేదో" అని ముసలావిడ కొడుకు దగ్గర మొత్తుకుంది. డ్రైవరు కంచంలోంచి తల ఎత్తలేదు. ఆ కొందరిలో ఆయన ఒకడు.

ఛైర్మన్ పేజీలో పొగడ్తలు నిలవడం లేదని ఆయన మనుషులకి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అది పళ్ళాసుపత్రి రిబ్బనమ్మ పని అని తెలియడానికి ఒక్క పూట కూడా పట్టలేదు, ఎందుకంటే ఆమె దాచిపెట్టలేదు. కాకపోతే డాక్టరు ఆసుపత్రిలో రాజకీయాలు మాట్లాడకూడదని గట్టిగా చెప్పి పెట్టాడు. అందుకని ఆమెని కలవాలంటే పన్నునొప్పి వంక ఒక్కటే దారి. రాయిలాంటి పళ్ళున్న కార్యకర్తలు బుగ్గ పట్టుకుని బెంచీల మీద మూలుగుతూ కూర్చోవడం మొదలైంది.

వాళ్ళలో ముఖ్యుడు మైకు. ఛైర్మన్ సభలన్నిటికీ మైకు ముందు నిలబడేది అతనే కాబట్టి ఆ పేరు. బల్ల మీదికి వంగి గుసగుసగా, "అక్కా, ఒక్క గుండె చప్పుడు ఉండనీ అక్కా, నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు.

"గుండె చప్పుడికి ఆధారం ఉందా?"

"ఛాతీ మీద చెవి పెట్టి వినమంటావా ఏంటి?"

"అది సొంత పరిశోధన అవుతుంది తమ్ముడూ. పనికిరాదు."

అప్పుడే డాక్టరు లోపలి నుంచి వచ్చాడు. "ఏ పన్ను?" అన్నాడు. మైకు గుటకలు మింగి వేలు ఎటో చూపించాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఆ పన్ను మీద తట్టారు. తనది దొంగ నొప్పి అని ఎక్కడ పట్టుకుంటారో అని "అమ్మో!" అన్నాడు. గట్టిగా తట్టారు. "చచ్చాన్రో దేవుడో!" అన్నాడు. అంత నొప్పి ఉన్న పన్నుని ఏ డాక్టరు ఉంచుతాడు? మైకు నిక్షేపంలాంటి పన్ను ఒకటి దూదిలో చుట్టుకుని ఇంటికి పోయాడు. మిగతా కార్యకర్తల నొప్పులన్నీ ఆ సాయంత్రానికి తగ్గిపోయాయి.

తరువాత ఛైర్మన్ పుట్టినరోజు వచ్చింది. బస్టాండు పక్క మైదానంలో సభ. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఈసారి ఆయన జీవిత చరిత్ర చదివి వినిపించాలన్నారు. మైకు బుర్ర బద్దలు కొట్టుకోలేదు. సర్వస్వంలోని పేజీని ఉన్నదున్నట్టు ప్రింటు తీయించుకున్నాడు. ఆ వారమే కార్యకర్తలు అందులో కొత్త వాక్యాలు బోలెడు చేర్చి ఉన్నారు. అనుమానంగా ఉన్న వాక్యాన్ని వెంటనే కొట్టేయకుండా, పక్కన బ్రాకెట్లలో 'ఆధారం చూపాలి' అని తగిలించి కొన్నాళ్ళు ఆగడం అక్కడి మర్యాద. రిబ్బనమ్మ మర్యాద తప్పలేదు. ప్రతి వాక్యానికీ తగిలించింది.

మైదానం ఆసుపత్రికి వెనక వీధే. కుర్చీలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆమె డాక్టరు పక్కన పరికరాల పళ్ళెం పట్టుకుని నిలబడింది. కిటికీలోంచి లౌడ్ స్పీకరు వినిపిస్తోంది. పన్ను పోయిన సందులోంచి మైకు మాటకొక ఈల వేస్తున్నాడు.

"మన ఛైర్మన్ గారు వరదలో ఈదుకుంటూ వెళ్ళి నలభై మందిని కాపాడారు! ఆధారం చూపాలి!"

మైదానం నిశ్శబ్దమైంది. 

"ఏనాడూ అబద్ధం ఆడి ఎరుగరు! ఆధారం చూపాలి!"

ఎవరో దగ్గారు. ఆ దగ్గు అటూ ఇటూ పాకింది. మైకు చదువుతున్నాడే గానీ వినడం లేదు. కాగితం మీద ఏముంటే అది చదవడం ఎన్నేళ్ళుగానో అతని వృత్తి.

"భార్య అంటే అమితమైన గౌరవం! ఆధారం చూపాలి!"

వేదిక మీద కూర్చున్న ఛైర్మన్ భార్య అందరికంటే ముందు నవ్విందని తరువాత చెప్పుకున్నారు. ఇక మైదానం ఆగలేదు. మైకు ఒక్కో గొప్ప చెప్పడం, వెనక నుంచి జనం అందరూ ఒక్క గొంతుతో "ఆధారం చూపాలి!" అని వంత పాడటం. జనంలో ఇంత ఊపు ఎన్నడూ చూడని మైకు పొంగిపోయి, చెయ్యి పైకెత్తి, "ఇంకా గట్టిగా!" అన్నాడు. ఇంకా గట్టిగా అన్నారు. కుర్చీలో పెద్దాయన నోట్లో దూది పెట్టుకుని కుదుపులు కుదుపులుగా నవ్వాడు. డాక్టరు మర ఆపి, "ఇది నువ్వేనా?" అన్నట్టు ఆమె వైపు చూశాడు.

ఆమెకి నవ్వు రాలేదు. భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆ పేజీ ఎవరి పక్షమూ కాదని చెప్పుకుంది. ఇవాళ అది ఒక పక్షంలో నిలబడి ఈల వేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఛైర్మన్ స్వయంగా వచ్చాడు. బెంచీ మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒకావిడ పన్నునొప్పి తగ్గిందని చెప్పి ఇంటికి పోయింది.

"ఆ బ్రాకెట్లు తీసెయ్యమ్మా" అన్నాడు.

"ఆధారం ఇవ్వండి సార్, తీసేస్తాను."

"నేనే చెబుతున్నాను కదా! వరదలో ఈదింది నేనే కదా!"

"అందుకే సార్, తమరు చెబితే చెల్లదు. తమరికి తమరితో సంబంధం ఉంది."

ఛైర్మన్ నోరు తెరిచి కాసేపు అలాగే ఉంచాడు. ఆ గదిలో అది వింతగా కనిపించలేదు. "నా గురించి నాకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు సార్. కానీ తమరు రాయకూడదు."

"మరి ఎవరికి తెలుసు? ఎవరు రాయాలి?"

"తమరు అక్కర్లేనివాళ్ళు రాయాలి సార్."

"నేను అక్కర్లేనివాళ్ళా? ఈ ఊళ్ళోనా?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "నీ సంగతి కనుక్కుంటాను" అని వెళ్ళిపోయాడు. అంతసేపు మాట్లాడినా ఎదురుగా ఉన్నది ఎవరి తలో ఆయనకి గుర్తు రాలేదు. ఆమె కూడా గుర్తు చెయ్యలేదు.

బెదిరింపు సంగతి డ్రైవరు చెవిన పడింది. ఈసారి ఆయన బ్రేకు తొక్కలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పెళ్ళాం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, ఇంట్లో ఆమె రాసుకునే పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 'బస్సు' అనే పేరుతో ఖాతా తెరిచాడు. ఒక్కో వేలితో పొడుస్తూ ఛైర్మన్ పేజీలో జడ కథ మొత్తం రాసేశాడు. కత్తెర, పళ్ళెం, నవ్వులు, అన్నీ. చివర 'ఇది నిజం. ఒట్టు' అని పెట్టాడు.

ఆసుపత్రిలో ఆమెకి ఆ వాక్యాలు తెర మీద కనిపించాయి. చదివింది. మళ్ళీ చదివింది. ఇన్నేళ్ళలో తన గురించి ఎక్కడైనా ఎవరైనా రాసిన మొదటి మాటలు అవి. ఇంత బాగా రాస్తాడని అనుకోలేదు. లోపలి నుంచి డాక్టరు పిలిచినా లేవలేదు. కాసేపు ఉంచి, కళ్ళు తుడుచుకుని కొట్టేసింది. 'బస్సు' ఖాతాకి నియమం ప్రకారం హెచ్చరిక కూడా పంపింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన వీధి గుమ్మంలోనే ఉన్నాడు. "నాకు హెచ్చరిక పంపుతావుటే! కట్టుకున్న మొగుడికి!"

"ఒట్టు ఆధారం కాదండీ."

"నీ జడ కోసమే కదే రాసింది!"

"అందుకే కదా తీసేసింది."

ఆయన వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మ దగ్గర కూర్చున్నాడు. ఆ ఇంట్లో తల్లీకొడుకులు ఒక పార్టీగా ఏర్పడటం అదే మొదటిసారి.

గొడవ అక్కడితో ఆగితే బాగుండేది. మైకు ఈ మధ్య నియమాలన్నీ చదివి తెలివి మీరాడు. పన్ను పోయిన కసి ఒకటి ఉండనే ఉంది. సర్వస్వం నిర్వాహకులకి ఫిర్యాదు పెట్టాడు: రిబ్బనమ్మ ఖాతా, బస్సు ఖాతా ఒకే ఇంటి నుంచి రాస్తున్నాయి, ఒకే మనిషి రెండు ముసుగులు వేసుకుని నాటకం ఆడుతోంది, ఖాతా మూసెయ్యాలి. నిర్వాహకులు చూశారు. ఒకే ఇల్లు అన్నమాట నిజమే. విచారణ పేజీ తెరిచి, సమాధానం చెప్పుకోమన్నారు.

ఆమెకి దిక్కు తోచలేదు. నోరు మూసుకుంటే ఖాతా పోతుంది. తను కాపలా కాసిన పేజీలన్నీ కంచె లేని చేను అవుతాయి. నోరు విప్పితే ఛైర్మన్ మీద తనకి పాత పగ ఉందని అందరికీ తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ పేజీలో పెట్టిన ప్రతి కామానీ జనం అనుమానంగా చూస్తారు. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. బెంచీల మీద వంతు వచ్చిన వాళ్ళని పిలవడం మరిచిపోయి చేపల వంక చూస్తూ కూర్చుంది. చివరికి రాసింది.

'ఆ జడ నాది. ఆ బస్సు నా భర్త. ఆయన రాసింది నిజమే, కానీ ఉండకూడదు కాబట్టి నేనే తీశాను. ఈ పేజీకి రాకముందే ఛైర్మన్‌తో నాకు ఈ సంబంధం ఉందని చెప్పవలసింది, చెప్పలేదు. ఇంక మీ ఇష్టం.'

నిర్వాహకులు ఒకరొకరే వచ్చి పెద్ద పెద్ద మాటలు రాశారు. జడ కత్తిరింపుకి చారిత్రక ప్రాధాన్యత ఉందా లేదా అని ఇద్దరు కొట్టుకుని, లేదని తేల్చారు. గుడ్లగూబ మాత్రం ఆఖరున వచ్చింది. 'ఆ పేజీలో ఈమె చేసిన దిద్దుబాట్లన్నీ మొదటి నుంచీ చదివాను. పగ కోసం వెతికాను. దొరకలేదు. రిబ్బను తెగలేదని తెలిసి కూడా, పత్రిక ఆధారం ఉందని, కత్తిరించాడన్న వాక్యాన్ని అన్నిసార్లు కాపాడిందని ఇవాళే అర్థమైంది' అని రాసింది. తీర్పు వచ్చింది: ఖాతా ఉంటుంది. ఛైర్మన్ పేజీని మాత్రం ఇకమీదట ఆమె ముట్టుకోకూడదు. ఏమన్నా కావాలంటే చర్చ పేజీలో అడగాలి, ఇంకెవరైనా చేస్తారు. బస్సు ఖాతాకి వారం రోజుల నిషేధం.

డ్రైవరు దాన్ని కూడా గొప్పగా చెప్పుకున్నాడు. "నన్ను అంతర్జాతీయంగా సస్పెండ్ చేశారు" అని డిపోలో అందరికీ చెప్పాడు. మొగుడూ పెళ్ళాం ఆ పూటే మాట కలిపారు.

ఎన్నికల్లో ఛైర్మన్ ఓడిపోయాడు. ఓడిపోవడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ వారం ఆయన పేజీ చూడాల్సింది. కొత్తాయన మనుషులు మిడతల్లా పడ్డారు. 'ఊరికి ఏమీ చెయ్యలేదు' అని మొదటి వాక్యంగా పెట్టారు. కుళాయిలు పోయాయి, బస్టాండు కప్పు పోయింది, ఆయన చదివిన బడి కూడా పోయింది. చెరుపుతున్న వాళ్ళలో అందరికంటే చురుగ్గా ఉన్నది మైకు. అతను అప్పటికే కొత్తాయన మైకు ముందు నిలబడి ఈలలు వేస్తున్నాడు. గాలి ఎటు వీస్తే అటు తిరిగేవాడికి పేజీ అయితేనేం, పార్టీ అయితేనేం. 'అపర భగీరథుడు' అని ఒకప్పుడు రాసిన చేత్తోనే అతను కుళాయిలు పీకేశాడు.

రిబ్బనమ్మ చూస్తూ కూర్చుంది. చెయ్యి పెట్టే హక్కు లేదు. పెట్టాల్సిన అవసరం కూడా ఏమీ లేదు. దేవుడే కత్తెర పట్టుకుని కత్తిరిస్తున్నాడనుకుని ఊరుకోవచ్చు. ఒక పూట అలా అనుకుంది కూడా. ఆ పూట ఆమెకి చాలా హాయిగా గడిచింది. మర్నాడు సెలవు పెట్టి గ్రంథాలయానికి వెళ్ళి, పాత పత్రికల దుమ్ము తిని, కుళాయిల వార్త ఏ తేదీన పడిందో పట్టుకుంది. బస్టాండు కప్పు వార్త కూడా. చర్చ పేజీలో పెట్టింది: 'ఈ రెండూ ఆయన చేసినవే. ఆధారాలు ఇవి. నేను ముట్టుకోకూడదు కాబట్టి ఎవరైనా దయచేసి తిరిగి పెట్టండి.' గుడ్లగూబ పెట్టింది. మైకు తీశాడు. ఆమె మళ్ళీ అడిగింది. గుడ్లగూబ మళ్ళీ పెట్టింది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు డ్రైవరు. "నీ జడ తెగ్గోసినవాడి కుళాయిలు నీకెందుకే?"

"ఎవరు తెగ్గోస్తే ఏంటండీ, నీళ్ళు వస్తున్నాయిగా" అంది.

"వస్తున్నాయని కొందరి అభిప్రాయం" అంది అత్తగారు వంటింట్లోంచి. ఆ రోజు కుళాయి రాలేదు.

రిబ్బనమ్మా ఛైర్మనూ ఆఖరిసారి కలిసింది ఆ తరువాత వానాకాలంలో. మాజీ ఛైర్మన్ ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి కొద్ది రోజుల ముందు. ఆయనకి నిజంగానే పన్నునొప్పి వచ్చింది. వెంట ఎవరూ లేరు. బుగ్గ పూరీలా పొంగి ఉంది. గొడుగు మడిచి, ఎవరూ లేచి నిలబడని బెంచీ మీద చివర కూర్చుని, చేపల్ని చూస్తూ ఉన్నాడు. ఆమె దగ్గర ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గరికి వచ్చాడు.

"మా మనవరాలు ఆ వెనక పేజీ ఏదో చదివి వినిపించిందమ్మా. ఆ జడ నీదటగా?"

"అవును సార్."

"నాకు గుర్తే లేదు."

ఆమె కంప్యూటరులో ఆయన పేరు ఎక్కించింది.

"ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. చప్పట్లు గుర్తున్నాయి." బుగ్గ పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. అది రాసుకుంటావా?"

"నేను రాయకూడదు సార్."

"పోనీ ఇంకెవరైనా?"

"పత్రికలో పడితే రాస్తారు సార్."

ఆయన నవ్వబోయాడు, పన్ను సలిపి ఆగిపోయాడు. "ఇప్పుడు నా మాట ఏ పత్రిక వేస్తుందమ్మా?" అన్నాడు.

దానికి ఆమె దగ్గర నియమం ఏమీ లేదు. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆమే లేచి తలుపు తీసి పట్టుకుంది. మర గుయ్యిమంది, ఆగింది, మళ్ళీ గుయ్యిమంది. బయటికి వచ్చేసరికి ఆయన నోటి నిండా దూది ఉంది. మాట్లాడే వీలు లేదు. గొడుగు అందిస్తే తీసుకుని, ఏదో చెప్పాలన్నట్టు నిలబడిపోయాడు. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఆరోగ్యం జాగ్రత్త సార్," అంది. "మీకేమన్నా అయితే ఆ పేజీ మీద జనం ఈగల్లా ముసురుకుంటారు. ముట్టుకోవడానికి నాకు హక్కు లేదు. ఒక్కో అక్షరానికీ ఆ గుడ్లగూబని బతిమాలుకోలేక నేను చస్తాను."